ఫొటోలే కూలి

ఐదున్నరకల్లా సీతానగరం ఘాట్‌లో ఉంటానంది కెజియా.
రాత్రి పదకొండింటికి మళ్లీ అడిగితే
"పక్కా అన్నా" అంది, పక్కన ఒక దండం బొమ్మ.
పక్కా అన్నప్పుడే నా కడుపులో గడబిడ మొదలైంది.
ఈ ఊళ్లో పక్కా అన్నవాళ్లు
నాకింతవరకూ ఎదురుపడలేదు.
"చూస్తాలే" అని విసుక్కున్నవాళ్లే
ఇద్దరో ముగ్గురో వచ్చారు.

ఆరు దాటింది.
బ్యారేజీ వెనకనుంచి వెలుగు
ఒక్కో ఖానా దాటుకుంటూ నీళ్లమీదికొస్తోంది.
దానికి నేను ఫోన్ చెయ్యలేదు.

ఏలూరు రోడ్డులో రోజుకి ఆరొందలకి తెచ్చిన లెన్సు
మెడని కిందికి లాగుతోంది.
వన్‌టౌన్‌లో అద్దెకి తెచ్చిన మంగళగిరి చీర
మడత విప్పకుండా కవర్లోనే ఉంది.
మరక పడితే రెండు వేలు కట్టాలన్నాడు షాపతను.
మరక పడే యోగం కూడా లేదు దానికి.

కృష్ణలంక నించి రెండాటోలు మారి వచ్చారు నాగమల్లి గారు.
ఆవిడకీ నేనిచ్చేది ఏమీ లేదు,
పార్లరు గోడకి నాలుగు ఫొటోలు తప్ప.
మేకప్ పెట్టె ఒళ్లో పెట్టుకుని
తుడిచిన బ్రష్షులే మళ్లీ తుడుస్తూ అన్నారు:
"అదే పెళ్లికూతురైతేనా,
పారిపోయినా అడ్వాన్సు మిగిలేది బాబూ."

థర్మకోల్ అట్ట పట్టుకున్న బుడ్డోడు
ఎవరిమీద వెలుగు కొట్టాలో తెలీక
నామీద కొడుతున్నాడు.

మొదట ఫోన్ మోగింది.
తర్వాత బిజీ.
తర్వాత, మీరు కాల్ చేస్తున్న వ్యక్తి, అంటూ ఎవరో ఆడమనిషి.
ఆవిడొక్కతే ఎప్పుడూ సమయానికి వస్తుంది.

పోయిన నెల భవానీ ద్వీపం పడవ దగ్గర
ఇంకో అమ్మాయి, బావ ఒద్దన్నాడంది.
అంతకుముందు గాంధీ కొండ కింద, జిమ్ము భుజాల కుర్రాడు
"బైల్దేరా బ్రో" అని రెండు గంటలు బయల్దేరాడు.
ఇంకా బయల్దేరుతూనే ఉన్నాడేమో.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయనేది మా మేనత్త.
నేను నానబోసింది ఒక తెల్లవారుజాము.
డబ్బిస్తే వచ్చేవాళ్లే, తెలుసు.
డబ్బులొచ్చే పెళ్లిళ్లలో నేను తీసేది
వాళ్లకి కావలసిన ఫొటోలు.
ఇది నాకు కావలసింది. అందుకే ఖాళీ జేబు.
మెసేజిలో నేనే రాశాను కదా,
డబ్బుల్లేవు, ఫొటోలే కూలి, అని.

ఫొటోలే కూలి.

ఫర్జానా.
పోయిన మే నెల, బందరు కాలవ గట్టు.
చెప్పిన టైముకన్నా పది నిమిషాలు ముందే వచ్చింది,
టిఫిను డబ్బాతో, వాళ్ల తమ్ముణ్ణి తోడు తీసుకుని.
కాలుతున్న ఇనప రెయిలింగుకి చెయ్యి ఆనించి
చెయ్యి తియ్యకుండా నవ్వింది,
నేను "ఇంకొక్కటి" అన్నన్నిసార్లూ.
వారంలో ఇస్తానన్నాను.
బక్రీద్ వెళ్లింది. దసరా వెళ్లింది.
"అన్నా, ఫొటోలు?" అని తను.
"ఆదివారం, పక్కా" అని నేను.
తర్వాత అడగడం మానేసింది.
మానేసినందుకు నాకు హాయిగా ఉండింది,
అదీ చెప్పాలి.

హార్డ్ డిస్కులో
ఎనిమిదొందల పన్నెండు మంది ఫర్జానాలు
కూలి కోసం వరసలో నిలబడి ఉన్నారు.

కలిపిన ఫౌండేషన్ ఊరికే ఎండిపోతుందని
నాగమల్లి గారు బుడ్డోడి బుగ్గలకి ఒక పూత వేశారు.
వాడు కదలకుండా కళ్లు మూసుకున్నాడు.
ఎంత బావుందో ఆ మొహం, ఆ వెలుగులో.
కెమెరా కంటిదాకా ఎత్తి
వీడికెప్పుడిస్తానో తెలీక
దించేశాను.

ఏడూ ఇరవైకి కెజియా: "సారీ అన్నా, నిద్రపట్టేసింది. రేపు?"
నేను తిట్టడానికి వేలు పెట్టి
కిందికి, ఇంకా కిందికి జరుపుకుంటూ పోయి
ఫర్జానా పేరు దగ్గర ఆగాను.
"ఈ రాత్రికి పంపిస్తా, పక్కా" అని కొట్టి
చివరి మాట చెరిపేసి పంపాను.

ఎండ ముదిరింది. తొమ్మిదికి లెన్సు తిరిగిచ్చెయ్యాలి.
ముగ్గురం ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డాం.
చట్నీ చేత్తోనే ఫోను తీసి చూశాను.
ఒకటే టిక్కు.
నంబరు మార్చేసిందేమో.